డ్రాయింగ్‌లో లేని టాలరెన్స్: సరఫరా తెగినప్పుడు ఒక రోబో వెల్డింగ్ షాపు

ఈ కేసులో కంపెనీ, కస్టమర్, దేశం పేర్లు లేవు. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాం, కొన్ని అంకెల్ని గుండ్రం చేశాం. వెల్డింగ్ రోబోలు సరఫరా గొలుసుకు బలమా, బలహీనతా అన్న ప్రశ్నకు షాపు ఫ్లోర్ మీద జవాబు ఎలా ఉంటుందో ఈ కేసు బాగా చూపిస్తుంది. రాయడానికి కారణం అదే.

నేపథ్యం

వాహనాల కింది చట్రంలో అడ్డంగా బిగించే ఒక క్రాస్ మెంబర్ ఈ షాపు ప్రధాన ఉత్పత్తి. 2.5, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఏడు ప్రెస్ రేకులను 14 అతుకులతో కలపాలి. వాటిలో ఎక్కువ ల్యాప్ జాయింట్లు, అంటే ఒక రేకు అంచు ఇంకో రేకు మీద కూర్చునే రకం. మొత్తం ఆరు సెల్స్. ఒక్కో సెల్‌లో ఆరు అక్షాల ఆర్క్ వెల్డింగ్ రోబో ఒకటి, పీసును పట్టుకుని తిప్పే రెండు వైపుల పొజిషనర్ ఒకటి ఉంటాయి. ఒక వైపు వెల్డింగ్ జరుగుతుంటే రెండో వైపు ఆపరేటర్ రేకులు పేర్చి క్లాంపులు వేస్తాడు. వైర్ 1.2 మి.మీ., గ్యాస్ 80 శాతం ఆర్గాన్, 20 శాతం కార్బన్ డయాక్సైడ్. సైకిల్ టైమ్, అంటే ఒక పీసుకు పట్టే సమయం, 96 సెకన్లు. మామూలు నెలలో సెల్స్ సామర్థ్యంలో 85 శాతం వాడకంలో ఉండేది.

రోబోలు రాకముందు ఇదే పని చేత్తో 12 బూత్‌లలో జరిగేది. అనుభవం ఉన్న వెల్డర్లు దొరకడం కష్టమై, ఉన్నవాళ్లు మానేస్తే నెలల తరబడి లోటు పూడకపోవడంతో రోబోల వైపు మళ్లారు. ఆ మేరకు నిర్ణయం ఫలించింది. సగం మంది సెలవులో ఉన్న వారాల్లో కూడా సరుకు వేళకు వెళ్లింది. మనుషుల కొరత అనే ఒక రకం ఆటుపోటును రోబోలు నిజంగానే తట్టుకున్నాయి. దీన్ని తక్కువ చేసి చూడకూడదు.

అయితే ఆ తర్వాత రెండేళ్లలో మూడు మార్పులు వచ్చాయి. ఉత్పత్తి నిలకడగా ఉంది కాబట్టి ప్రెస్ రేకుల స్టాక్‌ను ఐదు రోజుల నుంచి రెండు రోజులకు తగ్గించారు. వాడకం లేని వెల్డింగ్ బూత్‌లను విప్పేసి, ఆ స్థలంలో ఏడో సెల్‌కు పునాది వేశారు. రేకులకు ఉన్న ఇద్దరు సరఫరాదారుల్లో ఒకరిని వదిలేశారు, ఎందుకంటే రెండోవాళ్ల రేకులు వచ్చిన రోజున రీవర్క్, అంటే చెడిన అతుకులను మళ్లీ సరిచేసే పని, పెరిగేది. ఒక్కొక్కటిగా చూస్తే మూడూ సబబైన నిర్ణయాలే. మూడింటికీ రోబోల నిలకడే ఆధారమని, ఆ నిలకడ ఒకే ప్రెస్ షాపు రేకుల మీద నిలబడి ఉందని ఎవరూ ఒకచోట రాసి చూసుకోలేదు.

సమస్య

రేకులు కొట్టే సరఫరాదారు ప్రధాన ప్రెస్‌లో క్రాంక్ షాఫ్ట్ విరిగింది. మరమ్మతుకు ఏడు వారాలన్నారు. రేకుకు ఆకారమిచ్చే అచ్చులైన డైలకు ఏమీ కాలేదు. వాటిని లారీలో వేసి మరో ప్రెస్ షాపుకు తరలించి, నాలుగో రోజుకల్లా రేకులు రప్పించారు. అంత వేగంగా కదలడం చిన్న విషయం కాదు.

మొదటి గంటలో చేయాల్సిన లెక్క ఒకటుంది. కొత్త సరుకు ఒక్కటీ రాకపోతే కస్టమర్ లైన్ ఎన్నాళ్లు నడుస్తుంది? మామూలు స్థితికి రావడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఇక్కడ రేకుల స్టాక్ రెండు రోజులు, తయారైన సరుకు రెండు రోజులు, దారిలో ఒక రోజు, కస్టమర్ దగ్గర ఒక రోజు, వెరసి ఆరు రోజులు. కోలుకోవడానికి పట్టేది ఏడు వారాలు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీని నింపడమే అసలు పని. నాలుగో రోజుకు రేకులు వచ్చాయి కాబట్టి గండం గట్టెక్కిందనే అందరూ అనుకున్నారు.

కొత్త రేకులు రిసీవింగ్ ఇన్‌స్పెక్షన్‌లో పాసయ్యాయి. రేకు పక్కన వంచిన పట్టీని ఫ్లాంజ్ అంటారు. దాని అంచుకు డ్రాయింగ్ ఒప్పుకునే తేడా, అంటే టాలరెన్స్, ప్లస్ ఆర్ మైనస్ 1 మి.మీ., రేకులన్నీ అందులోనే ఉన్నాయి. కానీ సెల్‌లో మొదటి గంటలోనే మూడో వంతు పీసులు చెడిపోయాయి. కొన్ని చోట్ల రేకు కరిగి రంధ్రం పడింది. ఇంకొన్ని చోట్ల వైర్ అంచును తప్పి పక్కన పోసింది. పైకి నున్నగా ఉన్న కొన్ని అతుకులను కోసి, ఆమ్లంతో తుడిచి చూస్తే కింది రేకులోకి లోహం దిగనే లేదు. వీటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనవి ఈ చివరివే, ఎందుకంటే కంటికి దొరకవు.

కారణం కనుక్కోవడానికి పాత సరఫరాదారు రేకులు 50, కొత్తవి 50 తీసుకుని ప్రతి అతుకు దగ్గరా అంచు స్థానాన్ని, గ్యాప్‌ను కొలిచారు. పాత రేకుల్లో అంచు తేడా ప్లస్ ఆర్ మైనస్ 0.3 మి.మీ. దాటలేదు, గ్యాప్ 0.5 లోపే ఉంది. కొత్త ప్రెస్ బెడ్ (కింది బల్ల) వంపు వేరు, స్లైడ్ (పైనుంచి దిగే భాగం) ఆగే తీరు వేరు. అందువల్ల అవే డైల నుంచి వచ్చిన రేకులు వదిలాక వెనక్కి సాగే తీరు మారింది. అంచు 0.8 నుంచి 1 మి.మీ. దాకా జరిగింది, గ్యాప్ కొన్ని చోట్ల 1.4కు చేరింది.

ఆర్క్ రోబోతో ల్యాప్ జాయింట్ వేసేటప్పుడు అంచు స్థానం వైర్ వ్యాసంలో సగానికి మించి జరగకూడదన్నది ఈ రంగంలో అందరూ పాటించే కొలమానం. 1.2 వైర్‌కు అది 0.6 మి.మీ. అంటే డ్రాయింగ్ 1 మి.మీ. ఒప్పుకుంటోంది, రోబో 0.6 దాటితే ఒప్పుకోవడం లేదు. ఈ రెండో టాలరెన్స్ ఏ కాగితం మీదా లేదు. పాత సరఫరాదారు తెలియకుండానే దాన్ని తీరుస్తూ వచ్చాడు. చేత్తో వెల్డింగ్ చేసే రోజుల్లో గ్యాప్ చూసి వెల్డర్ టార్చ్‌ను కాస్త వంచేవాడు, వేగం తగ్గించేవాడు. ఆ తేడా అతని చేతిలోనే సర్దుకుపోయేది. రోబో చెయ్యి 0.1 మి.మీ. లోపు తేడాతో అదే దారిలో మళ్లీ మళ్లీ వెళ్తుంది, కానీ రేకు ఎక్కడుందో దానికి తెలియదు. రెండేళ్ల క్రితం వదిలేసిన రెండో సరఫరాదారు రేకులతో రీవర్క్ ఎందుకు పెరిగేదో కూడా ఈ కొలతలతోనే తేలింది.

ముందు ప్రయత్నించినవి, అవి పనిచేయకపోవడానికి కారణాలు

మొదటి ప్రయత్నం వెల్డింగ్ విలువలు మార్చడం. కరెంట్ తగ్గించి, టార్చ్‌ను అటూ ఇటూ ఊపే వీవ్ పెంచారు. గ్యాప్ ఎక్కువున్న పీసులు బాగుపడ్డాయి. గ్యాప్ లేని పీసుల్లో లోహం దిగడం మానేసింది. ఒకే పీసులో ఎడమ వైపు 0.2, కుడి వైపు 1.3 గ్యాప్ ఉన్నప్పుడు రెండింటికీ ఒకే సెట్టింగ్ సరిపోవడం భౌతికంగా అసాధ్యం. అయినా ఈ ప్రయత్నానికే ఒక రోజంతా పోయింది, ఎందుకంటే ప్రతి కొత్త సెట్టింగ్ ఏదో ఒక పీసులో బాగానే కనిపించేది. సెట్టింగ్ మార్చే ముందు గ్యాప్ ఎంత చెదిరి ఉందో కొలిచి ఉంటే ఈ దారి మూసి ఉందని గంటలో తెలిసేది.

రెండో ప్రయత్నం క్లాంపుల బలం పెంచడం. 5 బార్ గాలి మీద 50 మి.మీ. బోర్ సిలిండర్ ఇచ్చే బలం సుమారు 980 న్యూటన్లు. 63 మి.మీ. బోర్ వేస్తే అది 1,560 అవుతుంది. సిలిండర్లు మార్చగానే గ్యాప్ మూసుకుంది, వెల్డింగ్ చక్కగా వచ్చింది. క్లాంప్ వదలగానే మాత్రం రేకుల్లో బిగబట్టిన ఒత్తిడి బయటపడి పీసు మెలితిరిగింది. బిగింపు రంధ్రాలు 1.2 మి.మీ. జరిగి, కొలతలు సరిచూసే చెకింగ్ ఫిక్చర్ పిన్నులు వాటిలోకి దిగలేదు. రేకు తన ఆకారంలో లేనప్పుడు బలవంతంగా మూయడం వల్ల లోపం వెల్డింగ్ నుంచి కొలతల్లోకి మారిందే తప్ప పోలేదు. ఒకటి రెండు చోట్ల గట్టి క్లాంప్ సరైన పనే కావచ్చు. కానీ అక్కడ రేకు పొడవుగా, సన్నగా, సులువుగా వంగేదై ఉండాలి. పెట్టె ఆకారపు మూలల దగ్గర ఈ పని చేయకూడదు.

మూడోది ఆర్క్ ద్వారా అతుకును వెతికే ట్రాకింగ్. రెండు కంట్రోలర్లలో ఆ ఆప్షన్ అప్పటికే ఉంది. వీవ్ రెండు చివర్లలో కరెంట్ ఎలా మారుతుందో చూసి, రోబో దారిని అది సర్దుతుంది. మందమైన ఫిల్లెట్ జాయింట్లలో బాగా పనిచేస్తుంది. ఇక్కడ పై రేకు 2.5 మి.మీ. మాత్రమే. అంచు కరిగిపోవడం వల్ల కరెంట్ తేడా స్పష్టంగా రాదు. పైగా అతుకులు ఒక్కోటీ 60 మి.మీ. పొడవే, సిగ్నల్ కుదురుకునేలోపే అతుకు అయిపోతుంది. వీటన్నిటికీ మించి, అది స్థానాన్ని వెతుకుతుంది గానీ గ్యాప్‌ను కొలవదు.

నాలుగోది చేత్తో వెల్డింగ్. అందరికీ మొదట తట్టిందీ ఇదే, అన్నిటికన్నా ముందు ఆగిపోయిందీ ఇదే. బూత్‌లు లేవు. రేకులను పట్టి ఉంచే వెల్డింగ్ ఫిక్చర్లు పొజిషనర్‌కు నేరుగా బోల్టు చేసినవి, విప్పి టేబుల్ మీద పెట్టే వీలు లేదు. షాపులో మిగిలిన ఇద్దరు వెల్డర్లు రీవర్క్ చేసేవాళ్లు. ఐఎస్ఓ 9606-1 ప్రకారం వెల్డర్ అర్హతను ప్రతి ఆరు నెలలకూ పర్యవేక్షకుడు ధ్రువీకరించాలి. ఇద్దరిలో ఒకరి కాగితం గడువు దాటిపోయింది. భద్రతకు సంబంధించిన భాగం కాబట్టి అర్హత లేని చేతితో చేసిన అతుకును కస్టమర్ ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడమే న్యాయం కూడా.

లేజర్ సీమ్ ట్రాకర్ కొనాలన్న సూచన కూడా వచ్చింది. సాంకేతికంగా అది సరైన జవాబు. టార్చ్ ముందు లేజర్ గీత వేసి అంచునూ గ్యాప్‌నూ రెండింటినీ చదువుతుంది. కానీ డెలివరీకి పది వారాలకు పైగా అన్నారు. ఏడు వారాల గండానికి పది వారాల మందు ఎందుకు? ఆ సూచనను పక్కన పెట్టి, చేతిలో ఉన్న పరికరాలతో ఏం చేయగలమన్న ప్రశ్నకే కట్టుబడటం ఈ కేసులో తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఒకటి.

నిలబెట్టినవి

కొలతల పట్టికను మళ్లీ చూస్తే ఒక విషయం బయటపడింది. 14 అతుకుల్లో పదింటి దగ్గర కొత్త రేకులకూ పాత రేకులకూ తేడా లేదు. ఇబ్బంది పెడుతున్నవి నాలుగే, నాలుగూ ఒకే పొడవాటి ఫ్లాంజ్ మీదివే. అక్కడి నుంచి పని చిన్నదైంది.

ముందుగా, అదే షిఫ్టులో, లోడింగ్ టేబుల్ దగ్గర ఒక మెట్ల గేజ్ పెట్టారు. 0.5, 1.0, 1.5 మందాల స్టీల్ పట్టీలు మూడింటిని కలిపి చేసిన సాదా పరికరమది. ఆపరేటర్ రెండు రేకులను జత చేసి ఏ పట్టీ దూరుతుందో చూసి, జతలను మూడు ట్రేలలో వేస్తాడు. 1.5 కూడా దూరితే పక్కన పెడతాడు. ఒక్కో ట్రేకు ఒక్కో ప్రోగ్రామ్. ఎడమ, కుడి గ్యాప్‌లు వేరుగా ఉన్న జతలు ఈ పద్ధతికి లొంగవు, వాటిని ఆపేశారు. అయినా రేకుల్లో సగానికి పైగా నడిచాయి. ఆరో రోజు కస్టమర్ దగ్గర స్టాక్ ఒక షిఫ్టు కిందికి పడిపోయింది. ఒక షిఫ్టులో సరుకు తక్కువ పడింది గానీ లైన్ పూర్తిగా ఆగలేదు.

ఈలోగా టచ్ సెన్సింగ్ సిద్ధం చేశారు. రోబో వైర్ కొనకు చిన్న వోల్టేజ్ ఇచ్చి రేకును తాకిస్తారు. తాకగానే సర్క్యూట్ కలిసి, ఆ స్థానం కంట్రోలర్‌లో నమోదవుతుంది. సాధారణంగా దీన్ని అంచు వెతకడానికే వాడతారు. ఇక్కడ గ్యాప్ కొలవడానికి కూడా వాడారు. అతుకు మొదట్లో కింది రేకు పై ముఖాన్ని ఒకసారి, పై రేకు పై ముఖాన్ని ఒకసారి తాకితే రెండు ఎత్తుల తేడా వస్తుంది. దానిలోంచి పై రేకు మందం 2.5 తీసేస్తే మిగిలింది గ్యాప్. అంచు ఎటు జరిగిందన్నది పొడవాటి ఫ్లాంజ్ మొత్తానికి ఒకటే కాబట్టి ఒక్క టచ్‌తో తెలుస్తుంది, ఆ సవరణ నాలుగు అతుకులకూ వర్తిస్తుంది.

గ్యాప్‌ను బట్టి రోబో మూడు షెడ్యూళ్లలో, అంటే ముందే రాసిపెట్టిన సెట్టింగ్‌లలో, ఒకటి ఎంచుకుంటుంది. 0.5 లోపు అయితే 200 ఆంపియర్లు, 21 వోల్టులు, నిమిషానికి 80 సెం.మీ., వీవ్ లేదు. 0.5 నుంచి 1.0 అయితే 175 ఆంపియర్లు, 19.5 వోల్టులు, 65 సెం.మీ., 2 మి.మీ. వీవ్. 1.0 నుంచి 1.5 అయితే 150 ఆంపియర్లు, 18 వోల్టులు, 50 సెం.మీ., 3 మి.మీ. వీవ్. అంతకు మించితే రోబో ఆగి ఆపరేటర్‌ను పిలుస్తుంది. లెక్క కడితే మూడింట్లోనూ పొడవు మి.మీ.కు పడే వేడి దాదాపు సమానం, 0.32 కిలోజౌళ్లకు అటూ ఇటూ. మారేది ఆర్క్ తోపు. అది తగ్గితే గ్యాప్‌లోంచి లోహం కిందికి ఊడిపడదు. వేగం తగ్గడం వల్ల మి.మీ.కు పడే వైర్ మాత్రం పెరిగి గ్యాప్ నిండుతుంది. ఈ అంకెలు ఈ జాయింట్‌కు, ఈ మెషిన్‌కు చెల్లేవే. మరో చోట వాడేవారు తమ పీసులను కోసి చూసుకోకుండా వీటిని ఎత్తి రాసుకోకూడదు.

టచ్ సెన్సింగ్ మొదటి రోజు చాలా సతాయించింది. వైర్ ముందుకు ఎంత పొడుచుకొచ్చిందన్నది ప్రతిసారీ ఒకేలా ఉండకపోతే కొలత అంతా తప్పుతుంది. అందుకే ప్రతి సైకిల్‌కు ముందు నాజిల్ క్లీనింగ్ స్టేషన్‌లోని కట్టర్ దగ్గర వైర్‌ను 15 మి.మీ. దగ్గర కత్తిరించేలా ప్రోగ్రామ్ రాశారు. రేకును తాకేటప్పుడు వైర్ లోపలికి జారకుండా ఫీడర్ దగ్గర వైర్ బ్రేక్ వేశారు. ఆ తర్వాత కూడా పదింట్లో ఒక టచ్ తప్పేది. కారణం నూనె. కొత్త ప్రెస్ షాపు ప్రెస్‌లో రేకుకు రాసే నూనె (డ్రాయింగ్ ఆయిల్) చిక్కటిది వాడుతోంది. దాని పొర మీద వైర్‌కు విద్యుత్ అందక, రోబో ఇంకా కిందికి దిగి వైర్‌ను వంచేసింది. ఆ నాలుగు చోట్ల రేకును గుడ్డతో తుడవడం తాత్కాలిక పరిష్కారమైంది. పల్చటి ఆయిల్‌కు మారమని ప్రెస్ షాపుకు రాయడం శాశ్వత పరిష్కారమైంది.

ఈ ఏర్పాటుకు సైకిల్ టైమ్ లెక్క కూడా ఉంది, ఈ కేసులో అసలు కీలకం అదే. ఒక టచ్‌కు సుమారు 1.6 సెకన్లు పడుతుంది. 14 అతుకులకూ రెండేసి టచ్‌లు పెడితే 45 సెకన్లు పెరిగి సైకిల్ 141కి చేరేది. 85 శాతం ఉన్న వాడకం 125 శాతమయ్యేది, అంటే సాధ్యం కాదు. నాలుగు అతుకులకే పరిమితం చేస్తే టచ్‌లకు 13 నుంచి 15 సెకన్లు, నెమ్మదించిన వెల్డింగ్‌కు సగటున మరో 3 సెకన్లు పెరిగాయి. సైకిల్ 112 సెకన్లకు ఆగింది, వాడకం 99 శాతానికి వచ్చింది. సెల్స్‌లో ముందే 15 శాతం ఖాళీ ఉండటం వల్లే రోబోలకు చూపు నేర్పించడం సాధ్యమైంది. అదే షాపు 97 శాతంతో నడుస్తూ ఉండి ఉంటే ఇంత మంచి సాంకేతిక పరిష్కారం కూడా అక్కరకు రాకపోయేది. ఖాళీగా కనిపించే సామర్థ్యాన్ని వృథా అని లెక్కగట్టేవారికి ఈ ఒక్క లెక్క చూపిస్తే చాలు.

కస్టమర్ నుంచి రాతపూర్వక డీవియేషన్, అంటే మామూలు పద్ధతి నుంచి తప్పుకోవడానికి అనుమతి, తీసుకున్నారు. ప్రతి లాట్ నుంచి ఒక్కో గ్యాప్ వర్గానికి ఒక పీసు కోసి, ఆ కోతను పెద్దదిగా చూపే మాక్రో ఫోటోలు పంపాలన్నది షరతు. మూడు షెడ్యూళ్లనూ ముందే కోసి చూపించడం వల్ల ఆమోదం తొందరగా వచ్చింది. రోబో విలువలన్నీ కంట్రోలర్‌లో పీసు వారీగా నమోదవుతాయి కాబట్టి ఏ పీసు ఏ షెడ్యూల్‌తో వెళ్లిందో చెప్పగలిగారు. చేత్తో చేసిన వెల్డింగ్‌లో అంత గట్టి ఆధారం చూపడం కష్టం.

రోబో వెనక ఉన్న సరఫరా గొలుసు

గండం సద్దుమణిగాక అదే ప్రశ్నను రోబోల మీదే వేశారు. ఒక్కో సెల్ ఆగిపోతే కోలుకోవడానికి ఎంత కాలం? జవాబులు ఇబ్బందికరంగా వచ్చాయి.

ఆరు రోబోల్లో నాలుగు ఒక తరం కంట్రోలర్‌తో, రెండు పాత తరంతో ఉన్నాయి. మోటార్లకు కరెంట్ అందించే సర్వో ఆంప్లిఫయర్లు ఒకదానివి ఇంకోదానికి పనికిరావు. పెద్ద అక్షాల్లో మోటారు వేగాన్ని తగ్గించే ఆర్‌వీ రకం గేర్‌బాక్సులను, అంటే రిడ్యూసర్లను, ప్రపంచంలో తయారుచేసే కంపెనీలు చాలా తక్కువ, వేచి ఉండే కాలం నెలల్లో ఉంటుంది. చిప్పుల కొరత నాటి అనుభవం కూడా మరిచిపోకూడదు. 2021 మార్చి 19న జపాన్‌లోని నాకాలో రెనెసాస్ చిప్ ఫ్యాక్టరీ తగలబడినప్పుడు దెబ్బ ముందుగా తగిలింది కార్ల కంపెనీలకే. ఆ కొరత కాలంలో కంట్రోలర్ బోర్డులు, డ్రైవ్‌ల కోసం కూడా నెలలు ఆగాల్సి వచ్చింది. అంటే కస్టమర్‌ను కుదిపే ఆటుపోటే రోబో స్పేర్లను కూడా కుదపవచ్చు, రెండూ ఒకేసారి రావచ్చు.

కంట్రోలర్ల బ్యాకప్ ఏడాదికి పైగా పాతది. టచ్ సెన్సింగ్ రాసిన వారంలోనే ఏదైనా బోర్డు పోయి ఉంటే ఆ పనంతా పోయేది. ఇప్పుడు ప్రోగ్రామ్ మార్చిన ప్రతిసారీ, మార్చకపోయినా నెలకోసారి, పూర్తి ఇమేజ్ తీసి రెండు చోట్ల దాస్తున్నారు.

అన్నిటికన్నా చవకగా సరిదిద్దినది ఎన్‌కోడర్ బ్యాటరీ. కంట్రోలర్‌కు కరెంట్ లేనప్పుడు ప్రతి అక్షం స్థానాన్ని గుర్తుంచుకునేది ఈ బ్యాటరీయే. రేకులు లేక సెల్స్ ఆగిపోతే విద్యుత్ ఆదా కోసం మెయిన్ స్విచ్ తీసేయడం మామూలే. అప్పుడు భారమంతా బ్యాటరీ మీద పడుతుంది. అది అయిపోతే స్థానాలు చెరిగిపోతాయి, అన్ని అక్షాలకూ మాస్టరింగ్, అంటే మొదటి స్థానాన్ని గుర్తుపెట్టే పని, మళ్లీ చేయాలి. ఆ తర్వాత కూడా టార్చ్ కొన కొద్దిగా జరగడం వల్ల ప్రతి వెల్డ్ పాయింట్‌ను సరిచూడాలి. సరుకు వచ్చిన రోజునే రోబోలు పనిచేయని పరిస్థితి ఇలాగే వస్తుంది. ఏడాదికోసారి, కంట్రోలర్ ఆన్‌లో ఉండగానే బ్యాటరీలు మార్చాలి, ఆపి మారిస్తే డేటా పోతుంది. ఎక్కువ రోజులు సెల్ ఆపాల్సి వస్తే కంట్రోలర్‌ను ఆన్‌లోనే ఉంచాలని షాపు నియమం రాసుకుంది.

స్పేర్ల జాబితాను వైఫల్యం ఎంత తరచు అన్నదాన్ని బట్టి కాకుండా, దొరకడానికి పట్టే కాలాన్ని బట్టి పేర్చారు. కాంటాక్ట్ టిప్పులు, లైనర్లు, డ్రైవ్ రోల్స్ తరచూ పోతాయి గానీ రెండో రోజుకు దొరుకుతాయి. టీచ్ పెండెంట్ (రోబోకు ప్రోగ్రామ్ నేర్పే చేతి పరికరం), టార్చ్ కేబుల్, ఒక్కో తరానికి ఒక సర్వో ఆంప్లిఫయర్, మణికట్టు అక్షానికి ఒక మోటారు షాపులో ఉంచారు. రిడ్యూసర్ కొని ఉంచలేదు. ఒక సెల్ పోయినా మిగతా ఐదూ, చేత్తో వెల్డింగ్ చేసే టేబుళ్లూ కలిసి ఆ పని పంచుకోగలవా అన్నది చూసి, ఆ ఖర్చు అక్కర్లేదని తేల్చారు. దానికి ఫిక్చర్లు ఏ సెల్‌లోనైనా కూర్చోవాలి.

ఫిక్చర్ అడుగు ప్లేట్‌ను మార్చింది అందుకే. ప్రతి ఫిక్చర్ కింద ఒకే ప్రమాణపు ప్లేట్, స్థానం కుదిర్చే రెండు 16 మి.మీ. డోవెల్ పిన్నులు, నాలుగు బోల్టులు, ఒక ఎయిర్ కనెక్టర్. ఇప్పుడు అది ఆరు సెల్స్‌లో దేనికైనా బిగుస్తుంది, చేత్తో వెల్డింగ్ చేసే టేబుల్‌కు కూడా బిగుస్తుంది. ఆ టేబుళ్లు రెండు మళ్లీ పెట్టారు. నలుగురు వెల్డర్ల అర్హతను ఆరు నెలలకోసారి ధ్రువీకరిస్తూ, నెలలో కొంత ఉత్పత్తి ఆ టేబుళ్ల మీదే చేయిస్తున్నారు. చెయ్యి ఆడని నైపుణ్యం కాగితం మీద మాత్రమే మిగులుతుంది.

ఈ మార్పు వెనక ఉన్న ఆలోచనకు పాత ఉదాహరణ ఒకటి ఉంది. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లోని కరియాలో ఐసిన్ సెయికి ప్లాంట్ కాలిపోయింది. టొయోటా బ్రేకుల్లో ఒత్తిడిని అదుపు చేసే పీ-వాల్వులు దాదాపు అన్నీ అక్కడే తయారయ్యేవి. ఆ వాల్వుకే ప్రత్యేకించిన యంత్రాలు పోయాయి, టొయోటా లైన్లు చాలావరకు ఆగిపోయాయి. ఎప్పుడూ వాల్వు చేయని డజన్లకొద్దీ షాపులు తమ మామూలు యంత్రాల మీద, అప్పటికప్పుడు చేసుకున్న జిగ్గులతో వాల్వులు చేసి ఇచ్చాయి. వారం తిరిగేసరికి ఉత్పత్తి దాదాపు మామూలు స్థితికి వచ్చింది. రోబో ఈ రెండు రకాల యంత్రాల మధ్య ఉంటుంది. దాని చెయ్యి ఏ పనికైనా వంగుతుంది. దానికి కట్టిన ఫిక్చర్, రాసిన ప్రోగ్రామ్ మాత్రం ఒక్క భాగానికే అంకితం. ఆ ఫిక్చర్, ప్రోగ్రామ్ ఎంత త్వరగా మారగలిగితే రోబో అంతగా మామూలు యంత్రంలా ఆదుకుంటుంది. మారలేకపోతే అది ప్రత్యేక యంత్రమే, ఎన్ని అక్షాలున్నా.

నేర్చుకున్నవి

రోబో పెట్టిన రోజే, ఒక్కో అతుకుకు అది నిజంగా కోరే టాలరెన్స్ కొలిచి డ్రాయింగ్‌లోకి ఎక్కించాలి. ఇక్కడ నాలుగు అంచులకు 1 మి.మీ.ను 0.6కి బిగించారు. మిగతా పదింటిని ముట్టుకోలేదు. అన్నిటినీ బిగిస్తే కొత్త సరఫరాదారు దొరకడమే కష్టమవుతుంది, ఆ బిగింపే మరో బలహీనత అవుతుంది.

రెండో సరఫరాదారు పేరు జాబితాలో ఉంటే సరిపోదు. అతని రేకులు రోబో కింద నడిచి చూపాలి. రెండో ప్రెస్ షాపుకు ఇప్పుడు నెలకు ఒక లాట్ ఆర్డర్ ఇస్తున్నారు. ధర కాస్త ఎక్కువే. ఆ లాట్‌ను అన్ని గ్యాప్ వర్గాలతో, ఒకసారి సెల్‌లో, ఒకసారి టేబుల్ మీద నడుపుతారు. పీసు కోసి చూస్తారు. ఎంత సమయం పట్టిందో రాసి పెడతారు. కోలుకునే కాలం అనే అంకె ఇలా కొలిచినదైతేనే దాన్ని నమ్మాలి.

రేకుల స్టాక్‌ను మళ్లీ ఐదు రోజులకు పెంచాలన్న వాదన వచ్చింది. మూడు రోజుల దగ్గర ఆపారు. కొత్త ప్రెస్‌కు డైలు తరలించి రేకులు రప్పించడానికి నాలుగు రోజులు పట్టింది, మొత్తం నిల్వ ఇప్పుడు ఏడు రోజులు. రేకు వచ్చాక సెల్ సర్దుకోవడానికి ఇప్పుడు ఒక షిఫ్టు చాలు. అంటే రెండు రోజులకు పైగా వెసులుబాటు ఉంది. అంతకన్నా ఎక్కువ స్టాక్ పెట్టినా ప్రయోజనం లేదు.

ఇంకా తేలనివి

కస్టమర్ ఇదే భాగాన్ని జింక్ పూత రేకుతో అడుగుతున్నాడు. జింక్ 907 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, ఉక్కు కరిగేది దాదాపు 1,500 దగ్గర. రెండు రేకులు గ్యాప్ లేకుండా అతుక్కుని ఉంటే ఆవిరికి దారి దొరక్క వెల్డ్‌లో బుడగలు మిగులుతాయి. ఇన్నాళ్లూ మంచి వర్గంగా చూసిన 0.5 లోపు గ్యాప్, అందులోనూ సున్నాకు దగ్గరగా ఉన్నది, ఈ రేకుతో చెడ్డ వర్గమవుతుంది. కింది హద్దు 0.1 దగ్గర పెట్టాలా, 0.2 దగ్గర పెట్టాలా, లేక ప్రెస్‌లోనే చిన్న బొడిపెలు కొట్టి గ్యాప్‌ను స్థిరం చేయాలా అన్నది మాక్రో కోతలు, ఎక్స్-రే ఫలితాలు వచ్చాక తేలుతుంది. బొడిపెల దారి పడితే డై మారుతుంది, రెండు ప్రెస్ షాపుల్లోనూ ఆమోదం మళ్లీ మొదటి నుంచి తీసుకోవాలి.